ఒకే నడుం నొప్పికి ఇద్దరు ఫిజియోలు రెండు రకాల వైద్యం ఎందుకు చేస్తారు?

క్లుప్తంగా
ఫిజియోథెరపిస్టు పేషెంటును ఎలా చూస్తారన్నది చాలావరకు వాళ్ళు ఎక్కడెక్కడ పనిచేసి వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. చేత్తో చేసే వైద్యం, మెషీన్లు, వ్యాయామం శరీరంలో చేసే పని ఒకటి కాదు, వాటి వెనకున్న ఆధారాల బలం కూడా ఒకటి కాదు. మంచి ఫిజియోని గుర్తుపట్టడానికి డిగ్రీల జాబితా కంటే మొదటి సిట్టింగ్‌లో జరిగే పరీక్షే ఎక్కువ పనికొస్తుంది.

నడుం నొప్పితో ఒక ఫిజియో దగ్గరికి వెళ్తే అరగంట కరెంటు పెట్టి, కాసేపు చేత్తో నొక్కి, పది రోజులు వరసగా రమ్మంటారు. అదే రిపోర్టు పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్తే వాళ్ళు మెషీన్ల జోలికే పోరు. వంగమంటారు, వెనక్కి వాలమంటారు, ఒంటికాలి మీద నిలబడమంటారు, చివరికి మూడు ఎక్సర్‌సైజులు నేర్పించి రెండు వారాల తర్వాత కనపడమంటారు. ఇద్దరూ చదివిన డిగ్రీ ఒకటే. దాంతో పేషెంటుకి టెన్షన్ మొదలవుతుంది: ఎవరు సరిగ్గా చేస్తున్నట్టు? మొదటివాళ్ళు ఊరికే సిట్టింగులు పెంచుతున్నారా, రెండోవాళ్ళు పట్టించుకోకుండా పంపేశారా?

రెండు అనుమానాలూ తొందరపాటే. ఈ తేడా వెనక ఈ వృత్తి పుట్టుక ఉంది, ఆ మనిషి చేసిన ఉద్యోగాలు ఉన్నాయి, గత నలభై ఏళ్ళలో నొప్పి గురించి మారిన అవగాహన ఉంది.

రెండు పాయలుగా పుట్టిన వృత్తి

స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో ఒక జిమ్నాస్టిక్స్ సంస్థ పెట్టారు. ఒక క్రమంలో చేయించే కదలికలతో జబ్బుల్ని నయం చేయవచ్చన్నది అక్కడి నమ్మకం. ఆ దారిలో వచ్చినవాళ్ళని 1887 నాటికే స్వీడన్ ప్రభుత్వం అధికారికంగా నమోదు చేసింది. ఇది వ్యాయామం పాయ.

రెండోది చేతుల పాయ. బ్రిటన్‌లో మసాజ్ పేరుతో జరిగే తప్పుడు పనుల వల్ల వృత్తికి చెడ్డపేరు వస్తున్న రోజుల్లో, 1894లో నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మసాజ్ నిపుణుల సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ దేశంలో ఫిజియోథెరపిస్టులందరికీ ప్రధాన సంస్థగా ఉన్నది దాని నుంచి ఎదిగిందే.

ఈ రెండు పాయల్నీ కలిపినవి యుద్ధాలు, పోలియో. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళూ చేతులూ దెబ్బతిన్న సైనికులు వేలల్లో తిరిగొచ్చారు. వాళ్ళని మళ్ళీ నడిపించడానికి అమెరికా సైన్యం మహిళలకి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చింది. వాళ్ళలో ముందు వరసలో ఉన్న మేరీ మెక్‌మిలన్ 1921లో అక్కడి వృత్తి సంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. పోలియో విషయంలో అప్పటి పద్ధతి పిల్లల కాళ్ళకి చెక్కబద్దలు కట్టి కదలకుండా ఉంచడం. ఆస్ట్రేలియాలో నర్సుగా పనిచేసిన ఎలిజబెత్ కెన్నీ సరిగ్గా దానికి ఎదురెళ్ళారు. బిగుసుకున్న కండరాలకి వేడి గుడ్డలు చుట్టి, ఆ పిల్లల చేత వాటిని కదిలించడం మొదలుపెట్టారు. డాక్టర్లు గట్టిగా వ్యతిరేకించారు. 1940లో ఆమె అమెరికా వెళ్ళాక, కట్టి పడేయడమనే పద్ధతి క్రమంగా తగ్గిపోయింది. వ్యాధి గురించి ఆమె చెప్పిన సిద్ధాంతంలో తప్పులున్నాయి, అయినా పేషెంటుని కదిలించాలన్న మాట మాత్రం నిలబడింది.

ఆ తర్వాత వచ్చిన థామస్ డిలోర్మ్ పేరు బయట పెద్దగా వినపడదు కానీ, ఇవాళ ఏ ఫిజియో అయినా "పదిసార్లు, మూడు సెట్లు" అంటున్నారంటే దాని మూలం ఆయన దగ్గరే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల మోకాళ్ళకి బరువులు కట్టి, ఆ బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయిన సైనిక డాక్టర్ ఆయన. అప్పటిదాకా బలహీనమైన కాలుకి తేలికపాటి కదలికలే ఎక్కువసార్లు చేయించేవారు. బలం రావాలంటే బరువు పెరగాలన్నది ఆయన పట్టుదల.

చదువు అయ్యాక మొదలయ్యే చదువు

డిగ్రీ విషయంలో దేశానికో పద్ధతి. బ్రిటన్‌లో సాధారణంగా మూడేళ్ళ డిగ్రీతో వృత్తిలోకి రావచ్చు. అమెరికాలో ఇప్పుడు మామూలు డిగ్రీ అయ్యాక మళ్ళీ దాదాపు మూడేళ్ళు చదివి డాక్టరేట్ తీసుకుంటేనే లైసెన్స్ పరీక్షకి అర్హత. డాక్టర్ చీటీ లేకుండా నేరుగా పేషెంటుని చూసే హక్కు ఆస్ట్రేలియా ఫిజియోలకి 1976లో వచ్చింది, నెదర్లాండ్స్‌లో 2006లో వచ్చింది, ఇంకా రాని దేశాలూ ఉన్నాయి. శరీర నిర్మాణం, కదలికల శాస్త్రం, నరాలు, గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు, పిల్లల ఎదుగుదల మాత్రం ఎక్కడైనా చెప్పేవే.

అసలు తేడా మొదటి ఐదారేళ్ళ ఉద్యోగంలో వస్తుంది. ఎవరైనా ఫిజియో వివరాల్లో అనుభవం అన్నచోట ఆసుపత్రి, క్రీడా జట్టు, పునరావాస కేంద్రం అని కనపడితే చాలామంది దాన్ని దాటేసి డిగ్రీలు చూస్తారు. చూడాల్సింది ఆ అనుభవం వరసనే. అక్కడ పట్టుబడిన అలవాట్లే తర్వాత ప్రతి పేషెంటు మీదా పనిచేస్తాయి.

ఐసీయూలో పనిచేసి వచ్చినవాళ్ళు ఉన్నారనుకోండి. మంచం మీదున్న మనిషిని కూర్చోబెట్టే ముందు గుండె వేగం, బీపీ, ఆక్సిజన్ చూడకుండా చెయ్యి వేయరు. మోకాలి నొప్పితో వచ్చిన పెద్దాయనకి మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తోందా అని ముందుగా అడిగేది బహుశా వీళ్ళే. 2009లో వచ్చిన ఒక అధ్యయనం వీళ్ళ పని విలువేమిటో చూపించింది. వెంటిలేటర్ మీదున్న 104 మందిలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లోనే మత్తు కాసేపు ఆపి, కదలికలు మొదలుపెట్టారు. ఆసుపత్రి నుంచి వెళ్ళే సమయానికి వాళ్ళలో 59 శాతం మంది తమ పనులు తామే చేసుకోగలిగారు, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్ళలో 35 శాతం మందే ఆ స్థితికి వచ్చారు.

పక్షవాతం పేషెంట్లతో ఏళ్ళు గడిపినవాళ్ళ బుర్ర ఇంకోలా పనిచేస్తుంది. వాళ్ళ దృష్టి ఏ కండరం బలహీనంగా ఉందన్నదాని కంటే గ్లాసు పట్టుకోగలుగుతున్నారా, మంచం మీంచి లేవగలుగుతున్నారా అన్నదాని మీద ఉంటుంది. ఏ పని రావాలో ఆ పనినే వందలసార్లు చేయించడం వాళ్ళ ఆయుధం. మంచి చేతికి మందపాటి గ్లవ్ తొడిగి కట్టేసి, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం దెబ్బతిన్న చేతినే వాడించే పద్ధతి ఒకటుంది. రెండు వారాలు అలా చేయించాక చెయ్యి వాడకం మెరుగుపడిందని 222 మంది మీద జరిగిన పరీక్ష 2006లో చూపింది. వినడానికి కఠినంగా ఉంటుంది, పేషెంటుకి విసుగు పుడుతుంది, ఇంట్లోవాళ్ళకి జాలేస్తుంది. కానీ వాడని చేతిని మెదడు మెల్లగా లెక్కలోంచి తీసేస్తుంది, మళ్ళీ లెక్కలోకి రావాలంటే వాడకం తప్ప దారి లేదు.

ఎక్కువ చేయిస్తే ఎప్పుడూ మంచిదేనని దీన్నుంచి అనుకోకూడదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే గట్టిగా, మాటిమాటికీ లేపి నడిపిస్తే ఎలా ఉంటుందో రెండు వేలమందికి పైగా పేషెంట్ల మీద చూశారు. 2015లో ఫలితాలు వచ్చేసరికి, మామూలుగా చూసుకున్నవాళ్ళే మూడు నెలల తర్వాత కాస్త మెరుగ్గా ఉన్నారు.

క్రీడా జట్లతో పనిచేసి వచ్చినవాళ్ళు 'లోడ్' లెక్కలో ఆలోచిస్తారు: ఈ వారం ఎంత పరిగెత్తారు, పోయిన నెల ఎంత, హఠాత్తుగా ఎక్కడ పెరిగింది. ఆటగాడి మడమ నొప్పికైనా, రోజంతా నిలబడి పనిచేసే మనిషి మడమ నొప్పికైనా వాళ్ళు అడిగేది ఇదే. ఇక మాన్యువల్ థెరపీ, అంటే చేత్తో చేసే వైద్యం, కోర్సులు చేసినవాళ్ళు కీలుని వేళ్ళతో వెతుకుతారు, ఎక్కడ బిగుసుకుందో చూస్తారు. పిల్లలతో పనిచేసినవాళ్ళకి ఆట ద్వారా కదలిక రాబట్టడం తెలుసు, తల్లిదండ్రులకి నేర్పడమూ వైద్యంలో భాగమేనని తెలుసు.

వీటిలో ఏదీ తక్కువ కాదు. ఒకే చోట ఉండిపోయినప్పుడే చిక్కు. పదేళ్ళు ఒకే రకం పేషెంట్లని చూసిన కంటికి కొత్త పేషెంటు కూడా అదే రకంగా కనిపిస్తాడు. రెండు మూడు వేర్వేరు చోట్ల పనిచేసినవాళ్ళకి మొదటి ఊహ తప్పితే రెండోది సిద్ధంగా ఉంటుంది.

మొదటి సిట్టింగ్ లోపల జరిగేది

బాగా చేసే ఫిజియో మొదటి పదిహేను ఇరవై నిమిషాలు ఎక్కువగా వింటారు. ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, కూర్చుంటే పెరుగుతుందా నడిస్తే పెరుగుతుందా, ఏ పని ఆగిపోయింది. ఇవి మర్యాద కోసం అడిగేవి కావు. పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోయి, కదిలాక తగ్గే నడుం నొప్పి ఒక దారి చూపుతుంది, అది కీళ్ళ వాపు జబ్బు కావచ్చు. నడిస్తే కాళ్ళు బరువెక్కి, ముందుకి వంగి కూర్చుంటే హాయిగా ఉండే నొప్పి ఇంకో దారి చూపుతుంది, అది వెన్నులో నరాల దారి ఇరుకైపోవడం కావచ్చు.

ఈ ప్రశ్నల్లో కొన్ని ప్రమాద సంకేతాల కోసం. మూత్రం పట్టు తప్పడం లేదా రాకపోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గిపోతుండటం ఉంటే అది ఫిజియోథెరపీ కేసు కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన కేసు. కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, గతంలో క్యాన్సర్, ఏ భంగిమలోనూ తగ్గని రాత్రి నొప్పి ఉన్నా ముందు డాక్టర్ చూడాలి. ఒక పిక్క ఒక్కటే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడకుండా మసాజ్ చేయడం ప్రమాదం. ఎవరిని వెనక్కి పంపాలో తెలియడం ఈ వృత్తిలో అన్నిటికంటే పెద్ద నైపుణ్యం, ఇది ఏ సర్టిఫికెట్ మీదా కనపడదు.

తర్వాత కదలికల పరీక్ష. ఇక్కడ న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకెంజీ చెప్పుకున్న ఒక సంఘటన ఉంది. 1956లో నడుం నుంచి కాల్లోకి నొప్పి దిగుతున్న ఒక పేషెంటుని గదిలోకి వెళ్ళి బోర్లా పడుకోమన్నారు. బల్ల ఒక వైపు అంతకుముందు ఇంకొకరి కోసం పైకెత్తి ఉంది, ఆ మనిషి అలాగే నడుం వెనక్కి వంగిపోయేలా పడుకున్నాడు. అప్పటి పద్ధతుల ప్రకారం అది చేయకూడని భంగిమ. కొన్ని నిమిషాల తర్వాత మెకెంజీ కంగారుగా వచ్చి చూస్తే కాలి నొప్పి పోయిందని, ఇన్ని వారాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదని చెప్పాడు. నొప్పి కాల్లోంచి నడుం మధ్యకి వచ్చేసింది. ఏ దిశలో కదిపితే నొప్పి ఇలా మధ్యకి వస్తుందో వెతికే పద్ధతి అక్కడి నుంచి మొదలైంది.

ఆ పద్ధతి అందరికీ పనిచేయదు, కొందరికి ముందుకి వంగితేనే హాయి. కానీ దాని వెనకున్న అలవాటు ఏ పద్ధతిలోనైనా పనికొస్తుంది. ఏదో ఒకటి చేసి, వెంటనే మళ్ళీ పరీక్షించి, మారిందో లేదో చూడాలి. మొదట వంగినప్పుడు చేతివేళ్ళు మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి, ఒక కదలిక పదిసార్లు చేయించాక పిక్కల దాకా వెళ్ళాయి అంటే దారి దొరికినట్టే. మారకపోతే ఇంకోటి. ఇలా కొలవకుండా పది రోజులు ఒకే మెషీన్ పెడితే, నొప్పి తగ్గినా దేనివల్ల తగ్గిందో ఎవరికీ తెలియదు.

చెయ్యి చేసేది, మెషీన్ చేసేది, బరువు చేసేది

చేత్తో కీలుని నొక్కి తిప్పాక హాయి రావడం నిజం. కానీ "ఎముక జారింది, చోటులో పెట్టేశాం" అన్న వివరణ నిలబడదు. 1998లో స్వీడన్ పరిశోధకులు పదిమంది పేషెంట్ల కటి కీలు (వెన్ను అడుగుభాగం కటి ఎముకతో కలిసే చోటు) స్థానాన్ని చాలా కచ్చితమైన ఎక్స్‌రే పద్ధతితో, అలా చేత్తో నొక్కి తిప్పడానికి ముందూ తర్వాతా కొలిచారు. చేత్తో పరీక్షిస్తే అంతా సరైనట్టు అనిపించింది, కొలతల్లో మాత్రం ఎముకల స్థానం మారలేదు. మారింది నరాల వ్యవస్థ ఆ చోటు నుంచి వచ్చే సంకేతాలకి ఇచ్చే స్పందన కావచ్చు. అందుకే ఆ హాయి సాధారణంగా కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటుంది. ఆ వ్యవధిలో కదలికలు మొదలుపెట్టిస్తే అది మంచి వైద్యం. ప్రతి వారం వచ్చి "సరిచేయించుకోవాలి" అని నమ్మిస్తే పేషెంటు తన శరీరాన్ని విరిగిపోయే వస్తువులా చూడటం మొదలుపెడతాడు.

కరెంటు పెట్టే టెన్స్ లాంటి పరికరాల వెనక మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లో ప్రతిపాదించిన గేటు సిద్ధాంతం ఉంది. వెన్నుపాము దగ్గర ఒక గేటు లాంటిది ఉండి, స్పర్శ సంకేతాలు ఎక్కువైతే నొప్పి సంకేతాల దారి ఇరుకవుతుందన్నది దాని సారం. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండటం ఇదే. అంటే నొప్పి కాసేపు తగ్గుతుంది, కణజాలం బలపడదు. అల్ట్రాసౌండ్ మెషీన్ వాడకం చాలాకాలంగా విస్తృతంగా ఉన్నా, నడుం నొప్పికి దానివల్ల లాభం ఉందనడానికి ఆధారాలు బలహీనంగానే ఉన్నాయి.

వ్యాయామం పని తీరు వేరు. కండరం, టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే గట్టి పట్టీ), ఎముకల్లోని కణాలు లాగుడునీ ఒత్తిడినీ గుర్తించి దానికి తగ్గట్టు తమని తాము మార్చుకుంటాయి. ఎముక మీద పడే భారాన్ని బట్టి దాని నిర్మాణం మారుతుందని జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశారు. అయితే ఈ మార్పులు ఒకే వేగంతో రావు. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు కండరాన్ని మెరుగ్గా వాడటం నేర్చుకోవడం వల్ల వస్తుంది, కండరం కంటికి కనపడేలా పెరగడానికి రెండు నెలలకి అటూ ఇటూ పడుతుంది, టెండన్‌కి ఇంకా ఎక్కువ. మడమ వెనక టెండన్ నొప్పికి 1998లో స్వీడన్‌కే చెందిన ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ఇచ్చిన వ్యాయామం చూడండి: మడమని మెల్లగా కిందికి దించడం, 15 చొప్పున మూడు సెట్లు, రోజుకి రెండుసార్లు, వారంలో ఏడు రోజులూ, 12 వారాలు. అదీ కాస్త నొప్పి ఉన్నా ఆపకుండా. మూడు వారాలకి "ఏం తేడా లేదు" అని మానేసేవాళ్ళు పద్ధతి పనిచేయడం మొదలయ్యే చోటే ఆగిపోతున్నారు.

మోకాలి విషయంలో ఒక మెలిక ఉంది. కీలులో నీరు చేరి వాచినప్పుడు వెన్నుపాము స్థాయిలోనే తొడ ముందు కండరానికి వెళ్ళే ఆదేశం తగ్గిపోతుంది. పేషెంటు ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం పూర్తిగా బిగుసుకోదు. కొన్ని వారాల్లో తొడ సన్నబడటం ఇందువల్లే, బద్ధకం వల్ల కాదు. ముందు వాపు తగ్గించి, ఆ కండరాన్ని మళ్ళీ మేల్కొల్పి, ఆ తర్వాతే బరువులకి వెళ్ళాలి. కండరాన్ని కుదిపే కరెంటు మెషీన్ నిజంగా పనికొచ్చే చోట్లలో ఇదొకటి.

రిపోర్టులో ఉన్నదీ, నొప్పిలో ఉన్నదీ

ఎంఆర్‌ఐలో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త బయటికి ఉబ్బడం) అని చూడగానే చాలామంది వంగడం మానేస్తారు. అసలు నొప్పే లేనివాళ్ళ స్కాన్లని సమీక్షించిన 2015 నాటి పరిశోధనలో, 20 ఏళ్ళ వయసువాళ్ళలో 30 శాతం మందికీ, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికీ డిస్క్ బల్జ్ కనపడింది. డిస్క్ అరుగుదల 37 శాతం నుంచి 96 శాతం దాకా ఉంది. వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదు. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి వైద్యం మొదలుపెట్టేవాళ్ళ కంటే, రిపోర్టులో ఉన్నది పేషెంటులో కనపడే లక్షణాలతో కలుస్తుందా అని చూసేవాళ్ళ మాట ఎక్కువ నమ్మదగ్గది. కలిస్తే ఆ రిపోర్టుకి పూర్తి విలువ ఉంది, అది వేరే సంగతి.

విశ్రాంతి సలహా కూడా ఇలాగే మారింది. 1986లో 203 మంది నడుం నొప్పి పేషెంట్లలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం మీద ఉండమని చెప్పి చూశారు. రెండు రోజులవాళ్ళు పనికి పోని రోజులు 45 శాతం తక్కువ, మిగతా విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇవాళ మామూలు నడుం నొప్పికి ఆ రెండు రోజులు కూడా చెప్పడం లేదు, వీలైనంతలో పనులు చేసుకోమంటున్నారు. పాత తరంలో చదివి, తర్వాత కొత్త విషయాలు చూడనివాళ్ళు మాత్రం ఇంకా మూడు వారాల బెడ్ రెస్ట్ అంటారు. ఎన్నేళ్ళ అనుభవం అని అడిగినంత గట్టిగానే, ఈ ఐదేళ్ళలో వాళ్ళ పద్ధతి ఏం మారిందని అడగడం ఇందుకే అవసరం.

ఆపరేషనా, ఫిజియోనా అన్నచోట సమాధానం ఎప్పుడూ ఒకవైపే ఉండదు. మోకాలి మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర) వయసుతో చిరిగి, అరుగుదల కూడా ఉన్న 351 మందిని 2013లో పోల్చారు. ఆరు నెలలకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ, ఫిజియోథెరపీ చేసినవాళ్ళూ దాదాపు సమానంగా మెరుగుపడ్డారు. అయితే ఫిజియో గుంపులో 30 శాతం మంది ఆ లోపలే ఆపరేషన్‌కి మారారు. ముందు వ్యాయామంతో మొదలుపెట్టడం సబబే, కానీ కొందరికి అది చాలదని కూడా ఇదే చెబుతోంది. ఆ "కొందరు" ఎవరో వారాలు గడిచేకొద్దీ కొలతలు చూసి ఒప్పుకోగలిగే ఫిజియో కావాలి.

ఎన్ని సిట్టింగులు?

ఇది అందరూ అడిగే ప్రశ్న. మొదటి రోజే "21 సిట్టింగులు" అని కచ్చితంగా చెప్పేవాళ్ళ దగ్గర కాస్త ఆగి, ఆ అంకె ఎలా వచ్చిందో అడగాలి. సరైన సమాధానం సాధారణంగా షరతులతో ఉంటుంది: రెండు వారాల్లో ఫలానా కదలిక ఇంత పెరగాలి, పెరగకపోతే పద్ధతి మారుస్తాం, ఆరు వారాలకీ మారకపోతే డాక్టర్‌కి పంపుతాం. వారంలో 168 గంటలుంటే ఫిజియో దగ్గర గడిచేది రెండు మూడు గంటలే. మిగతా సమయంలో ఏం చేయాలో చూపించి, పేషెంటు చేత అక్కడే ఒకసారి చేయించి, తప్పు దిద్దేవాళ్ళ సిట్టింగులు సహజంగానే తగ్గుతాయి. పన్నెండు ఎక్సర్‌సైజుల కాగితం ఇస్తే ఇంట్లో ఒక్కటీ జరగదు, మూడిస్తే జరుగుతాయి.

ముగింపు కూడా కొలతతోనే రావాలి. మోకాలిని లోపల పట్టి ఉంచే లిగమెంట్ (ఏసీఎల్) తెగితే చేసే ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఆటలోకి ఎప్పుడు వెళ్ళాలన్నది దీనికి మంచి ఉదాహరణ. నొప్పి చాలా ముందే తగ్గిపోతుంది, పేషెంటుకి కాలు బాగైపోయిందనే అనిపిస్తుంది. నార్వేలో 106 మందిని గమనించి 2016లో చెప్పిందేమిటంటే, ఆటలోకి తిరిగి వెళ్ళడాన్ని తొమ్మిది నెలల వరకు వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్ళీ మోకాలి గాయం అయ్యే రేటు 51 శాతం తగ్గింది. తొమ్మిది నెలలు దాటడం ఒక్కటే కాదు, తొడ బలంలోనూ, ఒంటికాలి గెంతుల్లోనూ ఆపరేషన్ అయిన కాలు రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం చేయగలగాలి. ఈ పరీక్ష పెట్టకుండా నొప్పి లేదు కదా అని పంపేస్తే, ఆ మోకాలు సిద్ధంగా ఉందో లేదో తెలిసేది మైదానంలోనే.